బ్రేకుల బాబాయి పిడికిలి

ఆ వీధి ఏటవాలు. పైన ఆసుపత్రి, కింద నాలుగు దారుల కూడలి. పైనుంచి సైకిలు మీద దిగేవాడికి సరిగ్గా ఎక్కడ బ్రేకు గుర్తొచ్చి గుండె గుభేలుమంటుందో అక్కడ, ఒక మేడమెట్ల కింద రిపేరు కొట్టు ఉంది. ఇంతకన్నా మంచి చోటు దొరకదని కొట్టు పెట్టిన కొత్తలో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళతో మేడలేమీ లేవలేదు గానీ, కొట్టాయనకు ఒక పేరు మాత్రం మిగిలింది. బ్రేకుల బాబాయి.

పంక్చర్లు వేసేవాడు, చెయిన్లు బిగించేవాడు, వంకరపోయిన చక్రాలు సరిచేసేవాడు. అవి ఎవరైనా చేస్తారు. బ్రేకు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడెక్కడివాళ్ళూ సైకిలు నడిపించుకుంటూ ఆయన దగ్గరికే వచ్చేవారు. దానికి కారణం ఆయన పిడికిలి.

నిజానికి బ్రేకు సరిచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. రబ్బరు ముక్కలు రెండూ రిమ్ముకు గోరుమందం ఎడంలో ఉండాలి. పైకి పోయి టైరును ఒరుసుకోకూడదు, కిందికి జారి రిమ్ము తప్పకూడదు. వైరును లాగి పట్టుకుని దాన్ని నొక్కిపట్టే నట్టును బిగించాలి. పిడి నొక్కితే పోయి హ్యాండిల్‌కు ఆనకూడదు, మధ్యలో రెండు వేళ్ళు పట్టేంత సందు మిగలాలి. ఇంతవరకు అందరూ చేసేదే. ఆ తర్వాత బాబాయి తనదైన పని ఒకటి చేసేవాడు. సైకిలు మనిషిని పక్కన నిలబెట్టుకుని, బ్రేకు పిడిని గుప్పిట పట్టి, పళ్ళు బిగించి, మెడనరాలు తేలేదాకా నొక్కేవాడు. నట్టు ఏమాత్రం వదులుగా ఉన్నా దాని కింద వైరు ఆ నొక్కుకు సర్రున జారాల్సిందే. జారకపోతే పిడి వదిలి, చేతులు తుడుచుకుని అనేవాడు:

"నా చేతికి జారని వైరు ఇంకెవరి చేతికీ జారదు. పట్టుకెళ్ళు."

అందులో గొప్పేమీ లేదు, ఉన్నమాటే. ఇంట్లో సీసా మూత రాకపోతే ఆ వీధి ఆడవాళ్ళు మొగుళ్ళను అడగడం మానేసి సీసాను కొట్టుకే పంపేవారు. మొగుళ్ళకు కాస్త మంటగానే ఉండేది. ఏం చేస్తారు, మూత వచ్చేది కదా.

పిడికిలితోపాటు నోరు కూడా ఉండేది ఆయనకు. "పొద్దున్నే ఎక్కేముందు పిడులు రెండూ ఒకసారి నొక్కి చూసుకో. మొహం కడుక్కోవడం మరిచిపోయినా పరవాలేదు, ఇది మరవకు" అనేవాడు. "చెయిన్‌కి నూనె వెయ్యమన్నాను గానీ రిమ్ముకి తలంటమన్నానా? తుడువు ముందు, నూనె మీద బ్రేకు ఎట్లా ఆగుతుంది?" అని కసిరేవాడు. ఏటవాలులో ముందు బ్రేకు ఒక్కటే గబుక్కున పట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండిపోయేది. "రెండూ కలిపి పట్టు, మెల్లగా మొదలుపెట్టి. పళ్ళు నీవి, నావి కాదు" అని వెనకనుంచి అరిచేవాడు. తిట్టించుకున్నవాళ్ళు నవ్వుకుంటూ పోయి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆ పిడికిలి పోయింది. ఒక్కరోజులో పోయి ఉంటే బాగుండేది, కనీసం తెలిసేది. అది చెప్పాపెట్టకుండా కొంచెం కొంచెంగా పోయింది. ముందు కుడి చిటికెన వేలు మొద్దుబారింది. తర్వాత చొక్కా గుండీలు మొరాయించాయి. వీధి ఎక్కి ఆసుపత్రికి వెళితే, మెడ దగ్గర నరం నలిగిందన్నాడు డాక్టరు. పోయిన బలం తిరిగి రాదన్నాడు. మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. బాబాయి వీధి దిగి వచ్చి, "వయసట, మరేం లేదు" అని భార్యకు చెప్పాడు. ఆమె సరేనంది. అంత సులువుగా సరేనందేమిటా అని ఆయనకు తోచనే లేదు.

సీసాలు వస్తే, "చేతినిండా గ్రీజుంది, మళ్ళీ తెండి" అనడం మొదలుపెట్టాడు. రానురాను సీసాలు రావడం మానేశాయి. ఎవరో ఒకరిద్దరు మాత్రం తిరిగొచ్చి బ్రేకు వైరు జారిందని చెప్పారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన వైర్లను తిట్టాడు. ఈ కాలం వైర్లన్నీ నునుపు, పట్టు ఉండదన్నాడు. పాతవన్నీ తీసి పారేసి వేరే రకం తెప్పించాడు.

మనిషికి ఆపాటి బుద్ధి ఉండొద్దా అని మీరనొచ్చు. బుద్ధి ఉంది, అదే ఆయన్ని ముంచింది. మూతలు రావడం లేదు సరే, నట్టు బిగించి పిడి నొక్కితే వైరు జారడం లేదు కదా? పళ్ళు ఎప్పటిలాగే బిగుసుకుంటున్నాయి, మెడనరాలు ఎప్పటిలాగే తేలుతున్నాయి, వైరు కదలడం లేదు. అంటే పనిలో లోపం లేదు. ఇదీ ఆయన లెక్క. కొలిచే గిన్నే కుంచించుకుపోతే కొలత తగ్గిందని ఆ గిన్నెకెలా తెలుస్తుంది? బలహీనమైన చెయ్యి నట్టును వదులుగా బిగించేది, అదే బలహీనమైన చెయ్యి దాన్ని పరీక్షించి భేషని చెప్పేది. ఆయనకు పిల్లలు లేరు, వేరే పని రాదు. ఉన్నది ఆ కొట్టు, ఆ మాట. ఆ మాట ఉన్నంతకాలం తనకేమీ కాలేదని నమ్మాడు.

మధ్యాహ్నం భార్య అన్నం క్యారేజీ తెచ్చేది. గ్రీజు వాసనలో ముద్ద దిగదని ఆయన ఎదురుగా ఉన్న సెలూన్‌లో, ఫ్యాను కింద బెంచీ మీద కూర్చుని తినేవాడు. అంతసేపూ ఆమె కొట్టు చూసుకునేది. బ్రేకు పనికి పొద్దున సైకిలు వదిలినవాళ్ళు ఆయన తిన్నాకే వచ్చి పట్టుకెళ్ళేవారు. సాయంత్రం షట్టరు దించడానికి కూడా తనే వచ్చేది. "మీకు నడుంనొప్పి కదా" అనేది. ఆయనకు నడుంనొప్పి ఎప్పుడూ లేదు. అయినా ఆ మాట హాయిగా ఉండి ఊరుకునేవాడు.

ఇంతలో ఆమె అక్కకు ఆపరేషన్ అయింది. దగ్గరుండి చూసేవాళ్ళు లేరు, వెళ్ళక తప్పలేదు. గడపలో సంచీ పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"నేనొచ్చేదాకా కొట్టు మూసెయ్యండి. కాస్త విశ్రాంతిగా ఉంటుంది."

"ఏం, నువ్వు లేకపోతే నా కొట్టు నడవదా?"

ఆమె ఏదో చెప్పబోయి, ఆయన మొహం చూసి, "వేళకు తినండి" అని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కొట్టుకు నర్సమ్మ వచ్చింది. పై ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయి. ఎవరి దగ్గరో పాత రేసు సైకిలు కొనుక్కుంది. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్. దాన్ని చూడగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది. "ఇది గుర్రమమ్మాయ్, పరిగెత్తడం దానికి తెలుసు. ఆపడం నువ్వు నేర్చుకోవాలి" అన్నాడు. రబ్బర్లు మార్చాడు, రిమ్ములు గుడ్డపెట్టి మెరిసేదాకా తుడిచాడు, వైర్లు కొత్తవి వేశాడు. చివర్న ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని పిడి నొక్కాడు. పళ్ళు బిగిశాయి, నరాలు తేలాయి. వైరు జారలేదు.

"నా చేతికి జారని వైరు..."

"ఇంకెవరి చేతికీ జారదు! తెలుసులే బాబాయ్" అని నవ్వుతూ ఎక్కి వెళ్ళింది.

మామూలుగా ఆపడానికి ఆ బ్రేకు బాగానే పనిచేసింది. మెల్లగా పట్టినప్పుడల్లా ఆగింది. ఒకనాడు పొద్దున డ్యూటీ దిగి ఆమె వీధి దిగుతుంటే, పక్క సందులోంచి ఒక తోపుడుబండి అడ్డంగా వచ్చింది. ప్రాణభయంతో ఆమె రెండు పిడులూ ఒడిసిపట్టింది. బలమంతా పెట్టిన ఆ క్షణంలోనే రెండు వైర్లూ జారాయి. బండిని తప్పించబోయి గోడకు కొట్టుకుని, కుడిచెయ్యి ఆనించి పడింది.

బాబాయి చూడటానికి వెళ్ళాడు. ఎప్పుడూ రోగుల పక్కన నిలబడే మనిషి మంచం మీద కూర్చుని ఉంది, మోచేతిదాకా కట్టుతో. ఎముక అతుకుతుందట. మణికట్టు మాత్రం మునుపటిలా తిరగదన్నారట. సూది వేసే చెయ్యి అది.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన తన వైర్ల పురాణం విప్పేవాడు. ఆమె అమాయకంగా అడిగింది.

"మీ చేతికి జారనిది నా చేతికెలా జారింది బాబాయ్?"

ఆయన బయటికొచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర పడేసి ఉన్న సైకిలును నడిపించుకుంటూ కొట్టుకు తెచ్చాడు. వైరు తెగలేదు, నట్టు ఊడలేదు. వైరు ఊరికే జారింది. మళ్ళీ లాగి, ఉన్న బలమంతా పెట్టి బిగించాడు. పిడి నొక్కాడు. జారలేదు. సెలూన్ ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వరస కలుపుకుని ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు వాళ్ళు.

"చూశావా బావా, ఇప్పుడు జారట్లేదు. బిగింపులో తప్పు లేదు. ఇది వైరు దోషమే."

సెలూన్ ఆయన జీవితంలో కత్తెరకన్నా బరువైనది ఎత్తిన మనిషి కాదు. "ఏదీ" అంటూ దువ్వెన ఎడమచేతిలోకి మార్చుకుని, పిడి పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాడు. వైరు సర్రున జారింది. పిడి వెళ్ళి హ్యాండిల్‌కు ఆనింది.

ఇద్దరూ ఆ పిడినే చూస్తూ ఉండిపోయారు. ఏదో ఒకటి అనాలని కాబోలు, సెలూన్ ఆయన నోరు జారాడు.

"చెల్లెమ్మ ఊళ్ళో లేదు కదా బావా, అందుకే..."

"ఆమె లేకపోతే?"

"అబ్బే, ఏం లేదు."

"చెప్పు బావా."

సెలూన్ ఆయన దువ్వెనను చూసుకుంటూ చెప్పాడు. "నువ్వు మా బెంచీ మీద కూర్చుని తింటావు కదా. క్యారేజీలోంచి తలెత్తి ముందున్న అద్దం చూడవు. నాకు అద్దంలో మీ కొట్టు కనబడుతుంది. చెల్లెమ్మ రోజూ స్పానరు తీసుకుని, నువ్వు చేసిన సైకిళ్ళన్నింటికీ నట్లు మళ్ళీ బిగిస్తుంది. పాపం, రెండు చేతులతో."

"నీకొక్కడికే తెలుసా?"

సెలూన్ ఆయన తిరిగి తన బెంచీవైపు చూశాడు. ఆ బెంచీ మీద ఎంతమంది కూర్చుంటారు, ఆ అద్దంలోకి ఎంతమంది చూస్తారు! సీసాలు రావడం ఎందుకు మానేశాయో బాబాయికి అప్పుడు తెలిసింది. వీధంతా జాలిపడి ఊరుకుంది. ఆయన ఒక్కడే తన పిడికిలి ఉందనుకుని రోజూ అందరి ముందూ పళ్ళు బిగించాడు. సిగ్గుతో ఆయనకు చచ్చిపోవాలనిపించింది.

భార్య తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, ఇంటికి పోకుండా సంచీతో నేరుగా కొట్టుకే వచ్చింది. కొట్టులో నర్సమ్మ సైకిలు తప్ప వేరే సైకిలు లేదు. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"పోయినేడు వానల్లో, నా సైకిలుకే జారింది. వెనక బ్రేకు పట్టి బతికిపోయాను. అప్పట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే కొట్టు మూసేసేవారు. మూసేసి ఇంట్లో కూర్చుంటే మీరు బతుకుతారా?"

"మూసేసి ఉంటే ఆ పిల్ల చెయ్యి బాగుండేది."

ఆమె సంచీ కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అంది: "ఇకనుంచి చాటుగా వద్దు. మీరు చెప్పండి, నేను బిగిస్తాను. ఇద్దరం కలిసి చేద్దాం."

"ఎవరిస్తారే మనకి సైకిలు? ఆ అమ్మాయి కట్టు వీధంతా చూస్తోంది." ఆగి, మెల్లగా అన్నాడు: "ఎడమ చిటికెన వేలు కూడా మొద్దుబారుతోంది. మొన్నట్నుంచి."

ఆమె ఆ వేలు ఒకసారి నిమిరింది. లేచి స్పానర్లన్నీ గుడ్డతో తుడిచింది. రేపు కావాలి కాబట్టి తుడిచేది ఇన్నాళ్ళూ. ఇవాళ ఎందుకు తుడిచిందో తనకే తెలియదు. వాటిని డబ్బాలో పెట్టి షట్టరు దించింది. నడుంనొప్పి మాట ఎత్తలేదు.

కొట్టు ముందు మురుగుకాలవ మీద పలక ఒకటి కదులుతుంటుంది. దానిమీద అడుగేసి ఆమె వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. ఆయన ఆ చెయ్యి అందుకున్నాడు.

"గట్టిగా పట్టుకోండి, జారుతుంది" అంది.

ఆయన అడుగేశాడు. పలక దాటారు. ఆమె మళ్ళీ అంది, "గట్టిగా పట్టుకోమంటే?"

"పట్టుకునే ఉన్నానే."

ఆమె తిరిగి ఆయన మొహంలోకి చూసింది. పళ్ళు బిగించి ఉన్నాయి, మెడనరాలు తేలి ఉన్నాయి. తన చేతిలో మాత్రం బరువు తప్ప పట్టు తెలియలేదు. ఆమె తనే ఆ చేతిని గట్టిగా పట్టుకుని, ఆయన్ని మెల్లగా వీధి దింపుకుంటూ ఇంటికి తీసుకెళ్ళింది.