స్లొవేనియాకు పోయిన కొసరు

"అక్కా, శనివారం నువ్వు ఉదయగిరికి రావాల. షమీమక్కతో నేనొక్కణ్ణే మాట్లాడలేను" అని మా తమ్ముడు ప్రభాకర్ ఫోన్ చేశాడు. నలభై దాటినవాడు, ఆత్మకూరులో సొంత దుకాణం ఉన్నవాడు, ఒక ఆడమనిషితో మాట్లాడటానికి నన్ను తోడు పిలుస్తున్నాడు. సంగతేమిటంటే స్లొవేనియా దేశంతో వ్యాపారమట. నేను నెల్లూరులో పిల్లలకు సోషల్ చెప్తాను. ఆ దేశం ఎక్కడుందో పటంలో వేలు పెట్టి చూపించగలను, కాకపోతే వేలు పెడితే దేశం కనబడదు. అంతకుమించి నాకేమీ తెలియదు.

శనివారం పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కదా, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్ కొట్టి ఇచ్చాడు.

"ఊరికే తీసుకుపోయేదానికి మళ్ళీ టికెట్ ఎందుకయ్యా, కాగితం దండగ!" అన్నాను. పొద్దున్నే ఎవరితోనైనా వాదం వేసుకుంటేగానీ నాకు నిద్రమత్తు వదలదు.

"ఊరికే ఎక్కినా ఎక్కినట్టే గదమ్మా. చెకింగోళ్ళు వచ్చినారంటే టికెట్ లేని మనిషి దొంగే" అనేసి ముందుకు పోయాడు. సగం అర్థమైంది, సగం కాలేదు. టికెట్‌ను కళ్ళజోడు పెట్టెలో దోపి, సంగం దాటేదాకా కునికాను.

ఎనిమిదిన్నరకు ఆత్మకూరు. బస్టాండు ఎదుటి హోటల్లో కారం దోశ తింటూ ప్రభాకర్ అసలు కథ చెప్పాడు. ఉదయగిరిలో షమీమక్క దగ్గర కొందరు ఆడవాళ్ళు కొయ్య చెంచాలు చెక్కుతారు. వాటిని వీడి ద్వారా స్లొవేనియాలో ఒకాయన తెప్పించుకున్నాడు. పెట్టెలు అక్కడి రేవులో ఆగిపోయాయి. కాగితంలో రాసినదానికంటే లోపల ఎక్కువ చెంచాలున్నాయి మరి. మూతలు వేసేటప్పుడు షమీమక్క డజనుకొకటి కొసరు వేసేసింది, వీడికి చెప్పలేదు.

"తక్కువైతే అడగాలగానీ, ఎక్కువైతే వాళ్ళకేం నొప్పి?" అన్నాను.

"నేనూ అట్నే అనుకున్నానక్కా. వాళ్ళు మాత్రం ఏందో దాచి పంపినామనుకున్నారు. సంజాయిషీలు రాసి రాసి విడిపించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

ఇప్పుడాయన రెండో ఆర్డరు ఇస్తానంటున్నాడు. ఒక్క చెంచా కూడా ఎక్కువ రాదని ఈ సాయంత్రంలోగా మాటివ్వాలి. లేదంటే వేరేచోట చూసుకుంటాడు. షమీమక్కేమో కొసరు మానేది లేదంటోంది. ఆర్డరు పోతే ఆ ఆడవాళ్ళు మూటాముల్లె కట్టుకుని బెంగుళూరు కూలికి పోవాల్సిందే.

నాకు ఇంకొకటి బోధపడలేదు. వాడు చెప్పేదాన్నిబట్టి ఆ దేశంలో కూడా కొయ్య గరిటెలు చేసి ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు తరాలుగా ఉన్నారట. వాళ్ళు కార్లూ మందులూ బయటికి అమ్ముతారట, బయటినుంచి తెచ్చినదాంట్లో బోలెడు పక్క దేశాలకు పంపేస్తారట. "మరి మన చెంచాలతో తినేది ఎవర్రా?" అంటే వాడు కాఫీ తాగేసి బిల్లు కట్టడానికి లేచాడు.

తొమ్మిదింబావుకు ఉదయగిరి బస్సు. పక్క సీట్లో సీతారామపురం పోయే పెద్దాయన, ఒళ్ళో వేరుశనగ విత్తనాల సంచి, మా మాటలన్నీ వింటున్నాడు.

"ఎంత దేశమమ్మా అది?"

"మన జిల్లాకున్నంత జనం కూడా లేరట."

"అయితే బస్సులో కునుకు తీస్తే పై దేశంలో తేలతారు" అని ఆయనే నవ్వుకున్నాడు.

పదకొండుకు ఉదయగిరి. కొండ మీద కోట ఎండలో మసగ్గా ఉంది. చూడాలనుకునేవాళ్ళు చల్లపూటే ఎక్కాలి. మేం ఆటోలో నేరుగా షమీమక్క ఇంటికి పోయాం. వరండాలో ఆడవాళ్ళు నర్ది కొయ్య ముక్కల్ని ఆకురాయితో రాస్తున్నారు. ఒక చెంచా కాడ మీద చేప, ఒకదాని మీద జల్లెడలాంటి నగిషీ.

"ఏం సార్, టీచరమ్మను తోడు తెచ్చుకున్నావా? నేనేమన్నా కరుస్తానా?" అంది షమీమక్క. యాభై దాటిన మనిషి, గొంతు గట్టిది. తమ్ముడు చెప్పుల వంక చూసుకున్నాడు. ఇక నేనే చెప్పాల్సొచ్చింది.

"మా అత్త కాలం నుంచి కొసరు పెడతానే ఉండాము. కొసరు లేకుండా ఇస్తే కొన్నోడు మళ్ళీ మన గడప తొక్కడు. దొంగిలిస్తే దొంగంటారు సరే, ఎక్కువిచ్చినా దొంగేనా టీచరమ్మా?"

బస్సులో నేను తమ్ముడి పక్షం. ఆ మాటతో ఆమె పక్షానికి వచ్చేశాను. ఇంతలో మేరీ అనే అమ్మాయి ఆకురాయి కింద పెట్టింది. "అక్కా, నేను మళ్ళా బెంగుళూరు పోలేను. ఈ ఒక్కసారికి మానేద్దాం." షమీమక్క ముఖం చిన్నబోయింది. ఇప్పుడు నేను ఎవరి పక్షమో నాకే తెలియలేదు. నిజంగా ఏడుపొచ్చింది. అది కనబడకుండా ఏదో నగిషీ చూస్తున్నట్టు కళ్ళజోడు పెట్టె తెరిచాను. పొద్దుటి టికెట్ జారి చెంచాల మీద పడింది.

"కొసరుక్కూడా టికెట్ కొడదాం" అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. కండక్టరు మాట చెప్పాను. కొన్నవి ఇన్ని, ఊరికే ఇచ్చినవి ఇన్ని అని కాగితంలో ముందే రాస్తే దాచినట్టు ఎట్లా అవుతుంది?

"సున్నా అంటే ఒప్పుకోరేమోనక్కా. ఎంతో కొంత విలువ రాసి, డబ్బు మాత్రం అడగలేదని రాయాలేమో" అంటూనే ప్రభాకర్ ఫోన్లో మెసేజ్ కొట్టాడు. అక్కడ ఇంకా పొద్దు పొడుస్తోందట.

"తినే పోవాల" అని షమీమక్క బగారా అన్నం, వంకాయ కూర పెట్టింది. అన్నం వడ్డించింది స్టీలు గరిటెతో. ఆ ఇంట్లో వాడకానికి ఒక్క కొయ్య చెంచా లేదు. ఎందుకని అడిగితే, "చేసేవన్నీ అమ్మేదానికే గదా" అంది. నేనొక డజను కొన్నాను, మాట్లాడకుండా ఇంకొకటి పైన పెట్టింది.

మూడు గంటల బస్సుకు తిరుగుముఖం పట్టాం. ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతుంటే జవాబొచ్చింది. విడిగా రాస్తే అభ్యంతరం లేదు, ఆర్డరు ఖాయం. కింద ఇంకో నాలుగు ముక్కలు. కొన్న చెంచాలన్నీ ఆస్ట్రియాకు వెళ్ళిపోయాయట. కొసరువి లెక్కలో లేవు కాబట్టి అమ్మలేక, తనూ పనివాళ్ళూ ఇళ్ళకు పంచుకున్నారట. వాళ్ళమ్మ ఆ కొసరు చెంచాతోనే సూపు కలుపుతోందట.

ప్రభాకర్ అప్పుడే షమీమక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాడు. ఆమె వెనక ఆకురాళ్ళ చప్పుడు వినబడుతోంది.

"అయితే ఈసారి కొసరువి నేనే చెక్కుతా సార్" అంది. "వాటితోనే గదా వాళ్ళు తింటా ఉండేది."

విదేశీ వ్యాపారం ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. చెంచాలు చేసే దేశం చెంచాలెందుకు కొంటుందో, కొన్నవాటితో తనెందుకు తినదో సోమవారం పిల్లలు అడిగితే తడుముకుంటాను. నెల్లూరు బస్సులో కండక్టరు సున్నా టికెట్ చేతికిచ్చాడు. ఈసారి ఎందుకని అడగలేదు.