నల్ల కుక్కకు శనివారం రొట్టె

బళ్ళారి స్టేషన్‌లో దిగేసరికి తెల్లవారుతోంది. మే నెల. అప్పటికే గాలి వేడెక్కింది. ఒక ట్రంకు, ఒక పరుపు చుట్ట, ఒక గొలుసు. గొలుసు చివర లైలా. ఇద్దరికీ ఒకే నెలలో రిటైర్మెంట్ ఇచ్చారు.

లైలా నల్ల లాబ్రడార్. సైన్యంలో నాతో ఉండి మందుపాతరల వాసన పట్టేది. దొరికితే మొరగదు, తవ్వదు. దాని ముందు కూర్చుని, కదలకుండా నా వంక చూస్తుంది. ఒకసారి మంచులో, కాలిబాట మీద అలాగే కూర్చుంది. వెనక నుంచి వైర్‌లెస్ అతను అడిగాడు.

"దారి ఎలా ఉంది?"

"లైలా కూర్చుంది. ఎవరూ కదలకండి."

ఆ సాయంత్రం మేమందరం మా కాళ్ల మీదే క్యాంపుకు నడిచి వచ్చాం.

బ్రూస్‌పేటలో మా అక్క ఇంట్లో దిగాం. కంటోన్మెంట్ వైపు ఒక బ్యాంకు గేటు దగ్గర నాకు సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రాక. నేను లేనప్పుడు లైలాకు మా వీధివాళ్లు ఒక ఉద్యోగం ఇచ్చారు.

శనివారం నల్ల కుక్కకు నూనె రాసిన రొట్టె పెడితే శని వదులుతుందని నమ్మకం. వీధిలో నల్ల కుక్క లేదు. ఇక్కడ చూస్తే మా అక్క ఇంటి గేటు లోపలే ఉంది. అయితే లైలా నా చేతి తిండి తప్ప ముట్టదు. విషం పెడతారేమోనని సైన్యంలో అలా నేర్పుతాం. మొదటి శనివారం అది మొహం తిప్పేసుకుంది. ఎదురింటి సావిత్రక్కకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏందప్పా, మా ఇంటి రొట్టె ముట్టల్యా ఇది! శని మమ్మల్ని ఇడ్సల్యా అనే గదా?"

ఇక అది వీధి పంతం అయింది. రొట్టె మీద బెల్లం పెట్టారు. నెయ్యి పోశారు. చివరికి కోడికూర ముక్కలు చుట్టారు. సైన్యం ఏళ్ల తరబడి నేర్పినదాన్ని మా వీధి నాలుగు వారాల్లో మరిపించింది. ఎవరి రొట్టె ముందు తింటే వాళ్ల ఇంటికి మంచిదట. వరసలో నిలబడేవారు. ఎందుకు ఆపవని అక్కను అడిగాను.

"పుణ్యానికొచ్చినోళ్లను ఎట్ల పొమ్మనేదప్పా?" అంది.

చలికాలానికి లైలా గోనెబస్తాలా తయారైంది. ఇంటి మెట్లు ఎక్కలేక కింద నిలబడి రొప్పేది. పశువుల డాక్టరు దాని డొక్కలు తడిమి చూశాడు.

"ఎముక చేతికే తగలడంల్యా. ఎనక కాళ్లు అరిగిపోతాండాయి. బరువు దించకపోతే లేవనే లేవదప్పా. పస్తు మాత్రం పెట్టొద్దు, మెల్లగా దించు."

జీతం లేని సెలవు పెట్టి, హగరి నది ఒడ్డుకు తీసుకెళ్లాను. మా బావ అక్కడ పొలం కౌలుకు చేస్తున్నాడు. ఎండ రాకముందే నది ఇసుకలో నడక. రెండు పూటలా కొలిచిన తిండి, ఉడికించిన సొరకాయ, గుమ్మడి. నా చేతి నుంచే. వేరే ఎవరు ఏం పెట్టినా ముట్టకూడదని మళ్లీ మొదటి నుంచి నేర్పాను.

"ఏంది బామ్మర్దీ, దీనికి కూడా పరేడ్ పెట్టినావా?" అని బావ నవ్వేవాడు.

వేసవికి లైలాకు నడుము కనిపించింది. ఒక పొద్దున తీతువు పిట్టను తరుముతూ ఇసుకలో పరుగెత్తింది. ఎందుకో ఏడుపొచ్చింది. అంత సంతోషం మళ్లీ ఎరగను.

సెలవు అయిపోయింది. బావ కౌలూ అయిపోయింది. బ్రూస్‌పేటకు తిరిగొచ్చాం. శనివారం నేను డ్యూటీకి బయల్దేరుతుంటే సావిత్రక్క వచ్చింది.

"అయ్యో, ఎముకల గూడైపోయిండాది! నోరులేనిదాని కడుపు కొడ్తాండావు గదప్పా!"

వద్దంటుండగానే రొట్టె కింద పెట్టింది. లైలా వాసన చూసింది. దాని ముందు కూర్చుంది. కదలకుండా నా వంక చూసింది.

"సూడండే, దండం పెడ్తాండాది!" అన్నారు ఆడవాళ్లు.

"ఎవరూ కదలకండి" అన్నాను. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. వాళ్లు నవ్వారు.

ఆ రొట్టె తీసి పారేశాను. తర్వాత లైలాను గదిలో పెట్టి తాళం వేసి వెళ్లేవాణ్ణి. రొట్టెలు కిటికీలోంచి వేశారు. అరిచాను, కొట్లాడాను. కుక్క కోసం మనుషుల్ని దూరం చేసుకుంటున్నావని అక్క మాట్లాడడం మానేసింది. కుక్క మాత్రం ఎన్ని శనివారాలు ఆగుతుంది? వానలు ముగిసేసరికి మళ్లీ బరువెక్కి, పడుకున్న చోటు నుంచి లేవలేదు. తర్వాత పోయింది.

వీధంతా వచ్చింది. పూలు తెచ్చారు. "మా శనంతా ఇదే మోసుకొని పాయె" అని సావిత్రక్క కళ్లు తుడుచుకుంది. రొట్టెల మాట మాత్రం ఎత్తలేదు.

ఆమె మీద కోపం ఇంకా పోలేదు. శనివారం పొద్దున ఏ ఇంట్లోనో పెనం వాసన వస్తే నాకు ఆ రోజే కనిపిస్తుంది. నేల మీద నూనె మెరుస్తున్న రొట్టె. దాని ముందు లైలా, ఆ మంచు దారిలో కూర్చున్నట్టే కూర్చుని, కళ్లు నా మీద పెట్టి.