నిత్యానందం గారి సున్నా

లాగ్‌లో పడనిదేదీ ఈ లోకంలో జరిగినట్టు కాదని నమ్మిన మనిషి మా నిత్యానందం గారు.

మార్కాపురంలో మాది పలకల ఎగుమతి కంపెనీ. తొంభై ఆరులో యజమాని కాశీవిశ్వనాథం గారు మద్రాసు నుంచి బీరువాలాంటి కంప్యూటరొకటి తెప్పించి, దానికో ఏసీ గది కట్టించి, నిత్యానందం గారిని ఇన్‌చార్జిగా, నన్ను ఆయనకు సహాయకుడిగా కూర్చోబెట్టారు. ఏ కంటైనర్‌లో ఏ పెట్టెలు వెళ్తున్నాయో జాబితాలు తీయడం దాని పని. అలాంటి ఒక్కో పనినీ జాబ్ అంటారు. ఏ జాబ్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, మధ్యలో ఎవరైనా ఆపారా, అన్నీ ఆ యంత్రం హిస్టరీ లాగ్‌లో తనంతట తనే రాసుకుంటుంది. చివర ఎండ్ కోడ్ ఒకటి వేస్తుంది. సున్నా వస్తే పని చక్కగా ముగిసినట్టు. ముప్ఫయ్యో యాభయ్యో వస్తే ఏదో చెడినట్టు.

ప్రింటరు ఆగి, కాగితాలు చేతికొచ్చినా ఆయన ఒప్పుకునేవారు కాదు.

"ఇదిగో సార్, లిస్టు వచ్చింది గదా."

"లిస్టుదేముందయ్యా. లాగ్ ఏమంటాంది?"

లాగ్ తెరిచి, వెతికి, "సున్నా!" అని వరండా దాకా వినబడేలా కేక పెట్టాకే ఆయన ముఖం విప్పారేది.

గిద్దలూరులో మా స్టోర్‌కీపర్ పెద్దన్న కూతురి పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. చేతులు కడుక్కుని వస్తుంటే పెద్దన్న ఎదురొచ్చి వినయంగా అడిగాడు.

"పెళ్ళి ఎట్ల జరిగింది సార్?"

"సున్నా పెద్దన్నా! అచ్చంగా సున్నా!"

పెద్దన్న ముఖం మాడిపోయింది. అతని బావమరిది చొక్కా చేతులు పైకి మడిచాడు. ఎండ్ కోడ్ అంటే ఏమిటో ఆడపెళ్ళివారికీ మగపెళ్ళివారికీ విడివిడిగా నేను వివరించి బయటపడేసరికి మా రైలు కాస్తా వెళ్ళిపోయింది. "రైలు పోయినట్టు ఏడ రాసినారు?" అని నిత్యానందం గారు స్టేషన్‌లో రిజిస్టరు చూపించమని కూర్చున్నారు.

అంతకంటే పెద్ద గొడవ మార్తమ్మతో వచ్చింది. మార్తమ్మ మా యార్డులో పలకలకు చట్రాలు బిగించేది. ఆమె కూతురు ప్రేమకుమారి మా గదిలో కొత్తగా చేరిన ఆపరేటర్. ఆ ఇంట్లో పలకల దుమ్ము తగలని పనికి పోతున్న మొదటి మనిషి ఆ పిల్లే. ఒక మధ్యాహ్నం మార్తమ్మ వరండాలో నీళ్ళు తాగుతుంటే లోపలి నుంచి నిత్యానందం గారి కేక వినబడింది.

"ప్రేమకుమారి జాబ్ ముగిసింది! సున్నా!"

చెంబు కింద పడింది. మార్తమ్మ తలుపు తోసుకుని వచ్చేసింది.

"ఏం తప్పు చేసింది నాయనా నా బిడ్డ? చేరి మూణ్ణెల్లన్నా కాలేదే!"

"తప్పేందమ్మా? చక్కగా ముగిసింది."

"చక్కగా తీసేసినారా!"

ఆమెను ఊరుకోబెట్టడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఆయన కేకా మానలేదు, ఆమె ఉలిక్కిపడడమూ మానలేదు.

ఆ మే నెలలో నిజంగానే ఉద్యోగం పోయేంత పని జరిగింది. ఒక కంటైనర్ జాబితా అచ్చవుతూ అచ్చవుతూ ఆగింది. లారీ సిద్ధంగా ఉంది. "లాగ్ ఒక్క నిమిషం చూస్తా సార్" అని నిత్యానందం గారు బతిమాలారు. "నీ లాగ్ ఏడికీ పోదు, రేపు చూద్దువులే" అని యజమాని ఆయన్ని జీపెక్కించుకుని కనిగిరి తీసుకుపోయారు. ఆయన లేనప్పుడు లాగ్ చూసే చాదస్తం నాకు లేదు. ముగిసిందనుకుని కాగితాలు మడిచి డ్రైవర్ చేతిలో పెట్టాను.

మర్నాడు పొద్దున్నే మద్రాసు నుంచి ఫోను. ఆరువందల పెట్టెలకు జాబితాలో మూడువందలే ఉన్నాయట. రేవులో కంటైనర్ ఆపేశారు, ఓడ వెళ్ళిపోయింది. కాశీవిశ్వనాథం గారు ఏసీ గదిలోకి చెమటలు కక్కుతూ వచ్చారు.

"ఆ జాబ్ ఎవురు ఆపినారు? వాళ్ళకు ఈ పొద్దుతో ఇక్కడ పని సరి!"

ప్రేమకుమారి ప్రింటర్‌ను పట్టుకుని నిలబడింది. నిత్యానందం గారు లాగ్ తెరిచారు. ఆయన భుజం వెనక నేనున్నాను. లాగ్‌లో పేర్లుండవు, నంబర్లుంటాయి. ఒకటి ఆయనది, రెండు నాది, మూడు ప్రేమకుమారిది. ఎండ్ కోడ్ యాభై, ఆపింది మూడో నంబరు. వేరే జాబ్ ఆపబోయి దీన్ని ఆపేసినట్టుంది. యజమాని ఎప్పుడూ తెర వైపు చూసేవారు కాదు. ఆయనకు లాగ్ అంటే నిత్యానందం గారి నోరే.

"ఒకటో నంబరు సార్," అన్నారు నిత్యానందం గారు. "అంటే నేనే."

"నువ్వా! లాగ్ లాగ్ అని మా ప్రాణం తీసేవాడివి!"

"లాగ్‌లో ఉన్నాక కాదంటే ఎట్ల సార్?"

తీసేస్తే ఆ యంత్రం సంగతి పూర్తిగా తెలిసినవాడు వేరే లేడు. అందుకని మిగతా మే నెలంతా ఏసీ గదిలో అడుగు పెట్టొద్దని శిక్ష వేశారు. ఆయన తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వరండాలో కూర్చుని, కిటికీలోంచి "లాగ్ ఏమంటాంది?" అని అరుస్తుండేవారు. నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టిందని ఒప్పుకోవాలి. మార్తమ్మ రోజూ ఆయనకు మజ్జిగ తెచ్చిచ్చి బుద్ధులు చెప్పేది.

"పనికాడ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల నాయనా. మా ప్రేమను చూసి నేర్చుకో."

"అట్లనేలేమ్మా," అనేవారాయన.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సార్, లాగ్‌లో ఉన్నది మూడు గదా?"

"ఉంటే ఉండనీ. ఉన్నదంతా పైకి చదవాలని ఏడ రాసిపెట్టినారు?"

"మరి ఆ పిల్ల జాబ్?"

"అది నడస్తా ఉంది గదయ్యా," అని ఆయన గ్లాసు కింద పెట్టారు. "నడిచే జాబ్‌కు ఎండ్ కోడ్ ఉండదు."

అంతలో లోపలి నుంచి ప్రేమకుమారి కేకేసింది. "సార్, నా జాబ్ ముగిసింది! సున్నా!"

యార్డులో మార్తమ్మ చేతిలోని పలక కింద పడింది.