జనీన్ కోసిన అక్షరాలు

నలభై మూడో ఏట జనీన్ మోరిసెట్ భుజాన సంచి తగిలించుకుని కాలేజీకి బయలుదేరితే లూయిస్టన్‌లో నవ్వని వాళ్లు తక్కువ.

అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆమె నది అవతల ఆబర్న్‌లో, ఒక బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసింది. పంతొమ్మిది వందల తొంభై మూడు చలికాలంలో ఫ్యాక్టరీ మూసేశారు. పని పోయినవాళ్లకు ప్రభుత్వం రెండేళ్ల చదువు చెప్పిస్తానంది. ఆడవాళ్లలో చాలామంది నర్సు పని ఎంచుకున్నారు, మగవాళ్లు లారీ నడపడం. జనీన్ ఆ కాగితం అంతా చదివి, అడుగున ఉన్న గ్రాఫిక్ డిజైన్ దగ్గర టిక్కు పెట్టింది. ఫ్యాక్టరీలో ఎవరి పుట్టినరోజొచ్చినా, ఎవరు రిటైరైనా రంగుల అక్షరాలతో బ్యానర్ రాసింది ఆమే. ఆ పని పేరు అదేనని అప్పుడే తెలిసింది.

పంతొమ్మిదేళ్లు పక్క బల్ల మీద తోలు కోసిన ఫ్లోరెన్స్ బూలే ఆ మాట విని నోరు నొక్కుకుంది.

"బొమ్మలేస్తే కూడు పుడుతుందటే?"

"పుట్టకపోతే మీ ఇంటికొస్తాలే. శనివారం శనివారం కుండెడు బీన్స్ వండుతావు, మిగుల్తాయిగా."

"మా ఇంట్లో ఏం మిగుల్తాయే? మా ఆయనున్నాడుగా."

మొదటి మూడు నెలలు జనీన్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. క్లాసులో అందరూ ఇరవై ఏళ్ల పిల్లలు. కంప్యూటర్ మౌస్ బల్ల అంచుదాకా పోతే ఇక తెర కూడా అక్కడితో అయిపోయిందనుకునేది. పాఠం చెప్పే హాల్వర్సన్ ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు. మంచివాడే కానీ, ఆమె గీసిన గీతలు చూసి పక్క బల్లకు జరిగిపోయేవాడు.

మొదటి ప్రాజెక్టుగా ఎవరి అక్షరమాల వాళ్లు తయారు చేయాలన్నాడు. జనీన్ రెండు వారాలు పెన్సిల్‌తో కుస్తీ పట్టి గీసినదంతా చించేసింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కోటైనా విప్పకుండా కింది గదిలోకి దిగి, తన పాత కత్తీ, ఒక తోలు ముక్కా తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. కత్తి చేతికి రాగానే పని సాగింది. తోలు వృథా కాకుండా బూటు ముక్కలను ఎలా పేర్చి కోసేదో అక్షరాలనూ అలాగే కోసింది. ఒకదాని వంపులో ఇంకొకటి ఒదిగింది, ఒకదాని వీపు ఇంకొకదానికి పొట్ట అయింది. ఇరవై ఆరు అక్షరాలు కోశాక బల్ల మీద మిగిలిన తోలు గుప్పెడు కూడా లేదు.

హాల్వర్సన్ వాటిని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ముందు ఎక్కడ గీసుకున్నారు?"

"గీసుకోలేదండీ. తోలు ఎటు సాగుతుందో వేలికి తెలుస్తుంది. దాన్నిబట్టే కోశాను."

"మరి ఈ ఆర్ ఇలా వాలిందేం?"

"పక్కన ఎస్‌కి చోటు కావాలిగా. అదెక్కడికి పోతుంది పాపం?"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో తనకూ వాటా ఉందని జనీన్‌కు అనిపించింది.

రెండో ప్రాజెక్టు పోస్టరు. తమ చర్చిలో పెట్టే బీన్స్ విందుకు వేసింది. అప్పటికి ఆమెకు కాస్త ఫ్యాషన్ అంటుకుంది. తెల్లటి కాగితం ఖాళీగా వదిలి, ఒక మూల బూడిద రంగులో చీమల్లాంటి అక్షరాలు పెట్టింది. హాల్వర్సన్ మెచ్చుకుని మంచి మార్కులు వేశాడు. బేకరీ గోడ మీద దాన్ని చూసిన ఫ్లోరెన్స్ మాత్రం ముక్కు ఆనేదాకా వంగింది.

"ఇదేంటే, కళ్లడాక్టరుదా?"

జనీన్ అక్కడికక్కడే పోస్టరు ఊడదీసింది. మర్నాటికల్లా కొత్తది అంటించింది. కాగితం నిండా బీన్స్ కుండ, దాని మీద పిడికిలంత అక్షరాల్లో తేదీ, వేళా. హాల్వర్సన్ పెదవి విరిచాడు. విందులో ఆరు గంటలకే కుండలు ఖాళీ అయ్యాయి. ఎవరి కోసం వేస్తున్నామో వాళ్ల ఎదురుగా నిలబడి వేయాలని జనీన్ ఆ రోజు నోట్‌బుక్కులో రాసుకుంది.

చివరి ప్రాజెక్టు ఆలోచన ఆ మాట పట్టుకునే వచ్చింది. తోలు కోసే గదిలో వాళ్లు మాట్లాడుకున్న ఫ్రెంచి ఏ పుస్తకంలోనూ లేదు. సరిహద్దు అవతల, ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ పల్లెల నుంచి తాతలు మోసుకొచ్చిన మాటలకు మిషన్ల ఇంగ్లీషు అతుక్కుంది. ఫ్యాక్టరీని 'ఫాక్‌త్రీ' అనేవారు. సగం అమ్మది, సగం యజమానిది. ముడతలు పడ్డ తోలును 'ముసలమ్మ మెడ' అనేవారు. చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడితే ఒక టీచరు వేళ్ల మీద కొట్టేది. పై తరగతుల్లో ఇంకో టీచరు అసలు అది ఫ్రెంచే కాదంది. పుట్టి బుద్ధెరిగాక జనీన్ ఆ మాటలను కాగితం మీద చూడనే లేదు. అందుకని నలభై ఒక్క మాటలు ఎంచి, చెవికి ఎలా వినబడితే అలా, తన తోలు అక్షరాలకు సిరా పూసి, నిలువెత్తు కాగితాల మీద అచ్చొత్తింది. అవి కాలేజీ హాలు గోడ నిండా పరుచుకున్నాయి.

ప్రదర్శన మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. ఫ్యాక్టరీ వాళ్లు ముప్పైమంది దాకా చర్చి బట్టలు వేసుకుని వచ్చారు. లోపలికి అడుగు పెట్టగానే అందరూ గోడ దగ్గరికి జరిగారు. మొదట నోరు విప్పింది ఫ్యాక్టరీలో బూట్లకు అడుగులు అతికించిన ముసలి రోలాండ్.

"ఇది తప్పమ్మాయ్. ఫాక్‌త్రీకి చివర్న ఇంకో అక్షరం పెట్టాలి. మా అమ్మ సాగదీసి పలికేది."

"మీ అమ్మకి పళ్లెక్కడివి రోలాండ్? అన్నీ సాగదీసేది," అంది ఫ్లోరెన్స్.

రోలాండ్ ఆమెను పట్టించుకోలేదు. సంతకాల పుస్తకం దగ్గరున్న పెన్సిల్ తీసుకుని, నేరుగా గోడ మీద కాగితంపైనే దిద్దాడు. హాల్వర్సన్ కంగారుగా ముందుకు రాబోయాడు. జనీన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"రాయనీండి."

"సోమవారం మార్కులేసేవాళ్లు వస్తారండీ."

"వాళ్లకీ ఓ పెన్సిలివ్వండి."

ఇక ఎవరూ ఆగలేదు. ఒకరు దిద్దినదాన్ని ఇంకొకరు కొట్టేశారు. జనీన్ మరిచిపోయిన మాటలు అంచుల్లో పుట్టుకొచ్చాయి. ఫ్లోరెన్స్ మాత్రం పెన్సిల్ పట్టుకుని నిలబడిపోయింది.

"మన మాటలు రాయడం నాకు రాదే."

"ఎవరికొచ్చే? నువ్వెలా రాస్తే అదే," అంది జనీన్.

ఫ్లోరెన్స్ పెదాలు కదుపుకుంటూ, ఒక్కో అక్షరమే రాసింది. 'వానొస్తోంది.' మేస్త్రీ ఇటు వస్తున్నాడంటే బల్ల నుంచి బల్లకు పాకే హెచ్చరిక అది. చదివిన వాళ్లంతా విరగబడి నవ్వారు. నవ్వుతూనే ఇద్దరు ముగ్గురు ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు.

మార్కులు మామూలుగానే వచ్చాయి. ఆ అక్షరాలను కంప్యూటర్లోకి ఎక్కించి నలుగురూ వాడేలా చేద్దామని హాల్వర్సన్ పట్టుబడితే, ఇద్దరూ ఒక వేసవంతా కూర్చున్నారు. తెర మీద ఏ అక్షరానికా అక్షరం విడిగా నిలబడేసరికి పక్కదానికి చోటిచ్చిన ఆ వాలుకు అర్థం లేకుండా పోయింది. "వదిలేద్దామండీ, ఇవి గుంపులో బతికేవి," అంది జనీన్, పెద్దగా బాధపడకుండానే.

తర్వాత లిస్బన్ వీధిలో రెండు గదుల ప్రెస్సులో ఆమెకు పని దొరికింది. పెళ్లి పిలుపులు, హోటలు మెనూలు, హాకీ జట్ల చొక్కాలు, పోయినవాళ్ల జ్ఞాపకార్థం పంచే కార్డులు, ఇలా పంతొమ్మిదేళ్లు వేసింది. పేరు రాలేదు. పేరు కావాలని ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. చదువుకున్న రోజుల గురించి ఎవరైనా అడిగితే ప్రాజెక్టుల కన్నా ముందు కాలేజీ బయట పొద్దున కారు ఆపుకునే చోటు సంగతి చెబుతుంది. క్లాసుకు పావుగంట ముందే వచ్చి, ఇంజను ఆపి, అద్దాలకు ఆవిరి పడుతుంటే ఊరికే కూర్చునేదట. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీ సైరన్ మోతకు పరుగెత్తిన మనిషి. ఇక్కడ ఎవరూ కూత వేసి పిలవరు. లోపలికి ఎప్పుడు పోవాలో తానే అనుకుని, కారు తలుపు తీసుకుని దిగేది.