మేడ మీద చోటు

అవనిగడ్డ బస్సు కంకిపాడు దాటాక పక్క సీటులోని పెద్దావిడ అడిగింది.

"తమ్ముడూ, ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవున్న డాబా మీద ఎంతమంది నిలబడొచ్చు?"

లెక్కంటే నాకు ఇష్టం. "ఇరుక్కుంటే మనిషికి మూడు చదరపు అడుగులు చాలండి. నాలుగొందల మంది."

"మా పేటంతా కలిపి నూటయాభై మందిమి. దివిసీమ ఉప్పెన రోజు ఆ మేడాయన తలుపు బాదాం. మెట్లు ఇంట్లోంచే. మాలాంటోళ్లు అడుగుపెడితే ఇల్లు మైలపడుద్దని గడియ తియ్యలా. మా అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు ఆ గుమ్మం ముందే కొట్టుకుపోయారు."

ఇప్పుడు ఊరిని కాపాడిన దాత అంటూ ఆ మేడాయనకు ఆయన కొడుకే విగ్రహం పెట్టిస్తున్నాడట. ఆ పేటలో ఉప్పెన చూసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదని, ఈవిడనే దండ వేసి నాలుగు మాటలు చెప్పమన్నాడట.

"చెబుతారా?"

"ఎందుకు చెప్పను? కారు పంపుతానన్నాడు, వద్దన్నా. వాడి కారెక్కి వాడి బాబుని తిడితే ఏం బాగుంటుంది? మైకు నా చేతికి రానీ."

ఉయ్యూరు దాకా ఆవిడ "నాలుగొందలు, నూటయాభై" అని వల్లిస్తూనే ఉంది. నేను దిగబోతుంటే చెయ్యి పట్టుకుని, "లెక్క తప్పు లేదుగా?" అంది.

నేనెప్పుడూ అడిగినంతకు మించి లెక్క చెప్పను.

"తప్పు లేదండి. మీ పేటంతా ఆ డాబా మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు కూడా. అదీ చెప్పండి," అన్నాను.