నల్ల టీషర్టు, తెల్ల అక్షరాలు

మా ఆయన జైపాల్ గోడల మీద అక్షరాలు రాసేవాడు. గోదావరిఖనిలో గని గేటు పక్కన ‘ఇంటికాడ నీ కోసం చూస్తున్నరు, పైలం’ అని ఎర్ర రంగులో కనిపిస్తే అది ఆయన చేతి రాతే అయి ఉంటుంది. యూనియన్ ఎన్నికలు వస్తే అన్ని జెండాల వాళ్లకూ ఆయనే రాసేవాడు. పొద్దున ఒకరి గోడ, సాయంత్రం వాళ్ల మీద పోటీ చేసేవాళ్ల గోడ.

“నువ్వు అసలు ఏ పార్టీ రా?” అని ఎవరైనా నిలదీస్తే, “గోడకు సున్నం మంచిగ గొట్టినోళ్ల పార్టీ” అనేవాడు.

ఫ్లెక్సీలు వచ్చాక గోడలతో ఎవరికీ పని లేకుండా పోయింది. కొన్నాళ్లు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడిపాడు. కాంట్రాక్టు అయిపోగానే డ్రైవర్లందరినీ ఇంటికి పంపించారు. అప్పుడు పాప నా కడుపులో ఉంది. పని కోసం తిరిగి తిరిగి వచ్చి, గడప మీద కూర్చుని, వేలితో నేల మీద ఊరికే అక్షరాలు దిద్దుతూ ఉండేవాడు. ఏం రాస్తున్నావని అడిగితే తుడిపేసేవాడు.

టీషర్టుల ఆలోచన ఒక క్రికెట్ టీము వల్ల వచ్చింది. వాళ్లు వీపుల మీద పేర్లు రాయించుకోవడానికి వచ్చారు. కుంచెతో రాస్తే రెండు ఉతుకులకే పోయింది. దాంతో మంచిర్యాలకు పోయి, చట్రానికి బిగించిన సన్నటి బట్ట మీదుగా రంగు లాగి అచ్చు వేసే పని నేర్చుకుని వచ్చాడు. కంప్యూటర్ అక్షరాలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. జైపాల్ మాత్రం ప్రతి ఆర్డరుకూ చేత్తో రాసి, ఆ రాతనే అచ్చుగా మార్చేవాడు. ఆయన ‘మ’ చూస్తే ఎవరో పీట మీద కుదురుగా కూర్చున్నట్టు ఉంటుంది.

ఇక్కడ అందరూ నల్ల టీషర్టే అడుగుతారు. బొగ్గు దుమ్ములో తెల్లది ఒక్క పూట కూడా ఆగదు. కాబట్టి నల్ల బట్ట మీద తెల్ల రంగు వెయ్యాలి. ఆ రంగుకు థిన్నర్ కలపాలి. పని అయ్యాక చట్రాన్ని కూడా థిన్నర్‌తోనే కడగాలి.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఉద్యోగం రాలేదు గానీ, చదివింది మరిచిపోలేదు. థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువైనది. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. నిలబడి పని చేసే మనిషికి అది వాసన మాత్రమే. నేల మీద పాకే పిల్లకు అదే గాలి. మా ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో ఆయన అచ్చు వేస్తుంటే, మా పాప ఆ బల్ల కిందికి పాక్కుంటూ పోయి ఆయన కాళ్లు పట్టుకునేది.

మొదటిసారి ఆయాసం వచ్చినప్పుడు జలుబనుకున్నాం. రెండోసారి పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోయింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి విన్నది.

“ఇల్లు ఎక్కడ?”

ఓపెన్‌కాస్టు పక్కనే అని చెప్పాను.

“ఇంట్లో ఏం పని చేస్తారు?”

అదీ చెప్పాను.

“దుమ్ముకు వస్తుందో, ఆ వాసనకు వస్తుందో నేను చెప్పలేనమ్మా. రెండింటికీ దూరం పెట్టండి.”

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాం. బొగ్గు లారీ ఒకటి మా ముందు నుంచి పోయింది. జైపాల్ పాప మొహం మీద తువ్వాలు కప్పి, “దూరం అంటె ఎంత దూరం, దీపా?” అన్నాడు. నేను ఆటోకు చెయ్యెత్తాను.

మరునాడే బల్లను పెరట్లోకి తెచ్చాడు. ఇంట్లో వాసన తగ్గింది. అయితే మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగింది. పక్కింటి మల్లక్క ఎప్పటిలాగే వీధికంతా వినబడేలా అరిచింది.

“బట్టలు తీయుండ్రే! సైరన్ కొట్టిండు!”

ఆడవాళ్లంతా తీగల మీది బట్టలు గుంజుకుని లోపలికి పరుగెత్తారు. భూమి అదిరింది, గిన్నెలు గలగలమన్నాయి. కొంతసేపటికి దుమ్ము దిగింది. ఆరిన బట్టల్ని తియ్యవచ్చు గానీ తడి రంగును ఎక్కడికి తీసుకుపోతాం? తెల్ల అక్షరాలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. దులిపితే అంటుకుంటుంది, తుడిస్తే అక్షరం చెదురుతుంది. మల్లక్క గోడ మీదుగా చూసి, “జైపాలూ, కంపెనీకి జెప్పు, నీ కోసం బాంబులు బందు పెడ్తరేమో” అంది. నవ్వించాలనే అంది. ఆయన నవ్వలేదు. పాడైన టీషర్టుల్ని ఒక్కొక్కటిగా మడతపెట్టాడు, అమ్మే వాటిలాగే.

తరువాత నేనూ ఆయనా కూర్చుని ఒక దారి వెతికాం. తెల్లవారుజామున చల్లదనానికి దుమ్ము అణిగి ఉంటుంది, టిప్పర్లు ఇంకా రోడ్డు ఎక్కవు. అప్పుడు పెరట్లో అచ్చు వేసి, పొద్దెక్కి ఎండ తగలగానే ఆరబెట్టి, సైరన్ మోగకముందే లోపల పెట్టాలి. ఎండాకాలమంతా అలాగే నడిచింది. పాపకు ఆయాసం తగ్గింది. ‘జైపాల్ టీషర్టు’ అని నలుగురూ అనడం మొదలైంది. ఆ కొద్ది నెలలూ నేను నిద్రపోతున్న పాప ఊపిరి లెక్కపెట్టడం మానేశాను.

ముసురు పట్టిన రోజుల్లో లింగమూర్తి వచ్చాడు. చౌరస్తాలో ఆయనకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తండ్రి సదయ్య ఆ నెలాఖరుకు గనిలో రిటైరు అవుతున్నాడు. ఇక్కడ రిటైరైన మనిషిని గని గేటు నుంచి ఇంటిదాకా జీపులో నిలబెట్టి, బ్యాండుతో ఊరేగిస్తారు. ఆ ఊరేగింపులో నడిచే వాళ్లందరికీ ఒకే రకం టీషర్టులు కావాలి.

“ఏం రాయాలె అన్నా?”

“ఏమన్న ఇంగ్లీషుల రాయి తమ్మీ. కింగ్ అనో, లెజెండ్ అనో.”

“సదయ్య కాకకు ఇంగ్లీషు వస్తదా?”

“రాదు.”

“మరి జీపు మీదికెల్లి ఆయన ఏం జదువుతడు?”

లింగమూర్తి తల గోక్కున్నాడు. జైపాల్ పలక తీసుకుని ఒక మాట రాశాడు. ‘మా బాపు బొగ్గు తవ్విండు.’ అంతే. లింగమూర్తి పలకను చేతిలోకి తీసుకున్నాడు. “గిదే వెయ్యి” అన్నాడు.

ఆ పని ఒప్పుకోవద్దని చెప్పాలనిపించింది. ఆకాశం వైపు చూశాను. బియ్యం డబ్బా వైపు కూడా చూశాను. చెప్పలేదు.

ఎండ రాలేదు. తెల్లవారుజామున పెరట్లో వేసినవి జల్లుకు కారిపోయాయి. రిటైర్మెంటు రేపనగా సగానికి సగం మిగిలే ఉన్నాయి.

“ఇంట్లనే వేస్త. పాపను తీసుకొని మల్లక్క ఇంట్ల ఉండు. తలుపు మూసుకుంట” అన్నాడు జైపాల్.

“వాసన తలుపుకు ఆగదు బావా.”

“ఇయ్యాల ఒక్క పూట, దీపా. గీ ఒక్కటి ఇయ్యకపోతె మళ్ల ఎవడన్న మనకు ఆర్డరిస్తడా?”

తలుపు కింది సందులో తడి గోనెసంచి కుక్కి, పాపను చంకనేసుకుని మల్లక్క ఇంటికి పోయాను. రెండిళ్లకూ ఒకటే వరండా. మల్లక్క పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని మరమరాలు పెట్టింది. పాప మొదట్లో బాగానే ఆడింది. రంగు తొందరగా ఆరాలని ఆయన లోపల ఫ్యాను పెట్టుకున్నాడు. గది ఉడికిపోయిందేమో, కొంతసేపటికి తలుపు కూడా తీశాడు. నాకు వాసన తెలిసేసరికే పాప ఆట ఆపేసింది. నోట్లో మరమరాలు అలాగే ఉన్నాయి. ఏడవబోయింది గానీ, ఏడవడానికి కావలసిన గాలి దానికి దొరకలేదు.

“బావా!” అని ఒక్క కేక వేశాను. చేతిలో రంగు లాగే పట్టెతోనే ఉరికి వచ్చాడు. పాప పెదవులు చూసి పట్టె విసిరేశాడు.

దవాఖానలో పాప ముక్కుకు మాస్కు పెట్టారు. మందు పొగలా వస్తోంది. నర్సమ్మ చుట్టూ చూసి, “ఎవరి దగ్గర గీ పెయింట్ వాసన? నువ్వేనా? నువ్వు బయటికి నడువయ్యా. నీ వాసనకే దగ్గు లేస్తుంది పిల్లకు” అంది.

జైపాల్ వెళ్లిపోయాడు. కిటికీ జాలీ అవతల వానలో నిలబడ్డాడు. పాప మాస్కును తోసేస్తూ ఆయన వైపే చేతులు చాచింది. ఆయన చెయ్యి ఎత్తబోయి, ఎత్తితే ఇంకా ఏడుస్తుందని గోడ పక్కకు జరిగాడు. ఆయన భుజం మాత్రం కనిపించింది. అప్పుడే ఫోను మోగింది. గోడ అవతలి మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

“సగం అయినయి అన్నా. తలుపు తీసే ఉంది. పోయి తీసుకో. మిగతయి నాతోని కాదు.”

అవతల లింగమూర్తి గట్టిగా అరుస్తున్నట్టుంది.

“నీ ఇజ్జత్ పోతది, నాకెరుకే. బాపు ముంగట పోతది. నేనేం జెయ్యాలె అన్నా? నా బిడ్డకు ఊపిరాడుతలేదు.”

లింగమూర్తి దవాఖానకు రాలేదు. తిట్టుకుంటూనే ఉన్న టీషర్టులు పట్టుకుపోయాడని తరువాత మల్లక్క చెప్పింది. జైపాల్ పంపు కింద స్నానం చేసి, మల్లక్క పంపించిన లుంగీ చుట్టుకుని వచ్చాడు. నర్సమ్మ దగ్గరికి పోయి రెండు చేతులూ ముందుకు చాపాడు. ఆమె వాసన చూసి సరే అన్నాక గానీ పాపను ఎత్తుకోలేదు.

మరునాడు మధ్యాహ్నం దవాఖాన ముందు రోడ్డు మీద బ్యాండు వినబడింది. పాప ఆయన భుజం మీద నిద్రపోతోంది. కిటికీ దగ్గర నిలబడ్డాం. జీపులో మెడ నిండా దండలతో సదయ్య కాక. వెనక సగం మంది నల్ల టీషర్టుల్లో, సగం మంది మామూలు చొక్కాల్లో. ఎవరికి దక్కాలో కొట్లాడుకున్నారేమో, ముందు వరుస అంతా నల్లగానే ఉంది. ఆ వాన వెలుతురులో కూడా అక్షరాలు దూరానికి తెలుస్తున్నాయి. ముసలాయన ముందుకు చూడటం లేదు. వెనక్కి తిరిగి, జీపు కమ్మీ పట్టుకుని, కొడుకుల ఛాతీల మీద ఉన్నదాన్ని పెదవులు కదిలిస్తూ చదువుతున్నాడు. టీ కొట్టు దగ్గర ఒకతను ఫోనుతో ఫొటో తీశాడు.

ఇక్కడ అందరి బాపులూ బొగ్గే తవ్వారు. ఆ ఫొటో ఫోను నుంచి ఫోనుకు పోయిందేమో, గంట కూడా కాకముందే జైపాల్ ఫోను మోగడం మొదలైంది. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నేనే తీసుకున్నాను.

“గా బాపు టీషర్టులు మీయేనా? మాకు గూడ గావాలె. ఆదివారం వరకు.”

“వాన తగ్గినంక ఇస్తం అన్నా. ఎండ లేకుంట వెయ్యం.”

“ఎండ తోని పనేంది అక్కా? వేరేటోళ్లు ఫ్యాను కింద ఆరబెడ్తరు.”

“మేం ఆరబెట్టం.”

అతను ఫోను పెట్టేశాడు. రెండో అతను కూడా అంతే. పెట్టేసే ముందు, “గింత టెక్కు ఉంటె దుకాణం ఎందుకు పెట్టిండ్రు?” అన్నాడు. ఫోను మంచం మీద పడేశాను. పాల పొడి ఇంకా రెండు పూటలకే ఉంది.

మళ్లీ మోగింది. ఈసారి జైపాలే ఎత్తాడు. పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుని, అవతలి మనిషి చెప్పేదంతా విన్నాడు.

“వేస్త అన్నా. మీ బాపు పేరు గూడ రాస్త, ఊకెనే, పైసలొద్దు. గాని, ఎండ వచ్చేదాక ఆగాలె” అన్నాడు. “ఎప్పుడొస్తదో నాకు తెల్వది. ఆగుతవా?”

అవతల ఎవరినో అడుగుతున్నారు. జైపాల్ ఫోను చెవికి అదిమి పట్టుకుని ఉన్నాడు.