బావ దగ్గర్నుంచి తెచ్చిన కరెంటు కారు

కారు కొందామంటే మా ఆయన సరేనన్న రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మాది కోటబొమ్మాళి, నేను పాఠాలు చెప్పే కాలేజీ ఎచ్చెర్లలో. రానూపోనూ నూరు కిలోమీటర్ల పైమాటే. రైలూ బస్సూ ఆటోల మధ్య పరిగెత్తి నడుం పడిపోయింది. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండమని ఆయనే అన్నారు. ఒళ్ళు మండినా రెండు గదులు చూసి వచ్చాను. కారు కుదిరితే రోజూ ఇంటికొస్తాను, లేకపోతే గదే గతి.

ఆయన హైబ్రిడ్ అన్నారు. పెట్రోలు పోస్తే చాలు, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ దానంతటదే నిండుతుంది, ప్లగ్గు గొడవ లేదు. కానీ రోజూ అంత దూరానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి కదా! నా మనసు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మీదికి పోయింది. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటే కొంత దూరం కరెంటు మీద, అది అయిపోయాక పెట్రోలు మీద నడుస్తుంది. వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన కరెంటు పొయ్యి ఉన్నట్టు. విశాఖపట్నం దాకా ఫోన్లు చేశాను, మా తాహతుకు తగ్గది ఒక్కటీ దొరకలేదు.

ఇక మిగిలింది పూర్తి కరెంటు కారు. ఆ పేరెత్తితే ఆయన తల అడ్డంగా ఊపేవారు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి కరెంటు ఎప్పుడొస్తుందా అని బోరు దగ్గర కాపు కాసిన రైతు ఆయన. కరెంటును నమ్మమంటే ఎలా నమ్ముతారు?

"దారి మజ్జిలో అయిపోతే ఏటి సేస్తావు?" అన్నదొక్కటే ఆయన ప్రశ్న.

విజయనగరంలో మా అక్క మొగుడికి అలాంటి కారుంది. బావను దబాయించి ఒక్క రోజుకి తెచ్చుకున్నాను. ముందు రాత్రే ఇంట్లో నిండా ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే మా ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, ఏసీ వేసి ఎచ్చెర్ల బయల్దేరాను. క్లచ్చు లేదు, గేర్లు మార్చే పని లేదు, చప్పుడు లేదు. హైవే ఎక్కి యాక్సిలరేటరు నొక్కితే బండి దూకింది, నేను చిన్నపిల్లలా కేకలు పెట్టాను. ఆయన మాత్రం రోడ్డు చూడలేదు, ఛార్జింగ్ అంకె మీదే కళ్ళు. నేను కాలు తీసినప్పుడు బండి నెమ్మదించి కాస్త కరెంటు వెనక్కి రావడం తెర మీద కనబడింది. అంతే, మళ్ళీ తియ్యమన్నారు. నరసన్నపేట దాటేసరికి నాలుగుసార్లు తీయించారు. వెనకాల లారీ డ్రైవరు హారన్ కొట్టి మరీ తిట్టాడు.

ఎచ్చెర్ల వెళ్ళి తిరిగి ఇంటి ముందు ఆపేసరికి సగానికి పైనే మిగిలింది.

"బోరు మోటరు లాంటిదే గదేటి. కరెంటున్నప్పుడు తొట్టి నింపీసుకుంటే, పోయినప్పుడు దిగులు నేదు" అన్నారు.

గెలిచానని గంతేయబోయాను. ఆయన ఇంకా సీట్లోంచి లేవలేదు.

"గది ఎతకడం మానీ. వారమంతా నువ్వక్కడుంటే నాకిక్కడ ముద్ద దిగదు" అన్నారు, నా వైపు చూడకుండా.

గది తీసుకోమన్నది నా నడుం నొప్పి చూడలేకేనని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.